తాజంగికి గాలాలు తీసుకెళ్లేవాళ్లకి

లంబసింగి దగ్గరి తాజంగి రిజర్వాయర్‌లో చేపల హక్కు ఎవరిదో ఊళ్లో ముందే అడగండి. లంబసింగి చలికి పొద్దున్నే చేప పెద్దగా మేయదు. 10 దాటి ఎండ తగిలాకే కూర్చోండి. కట్ట రాళ్ల దగ్గర వద్దు, సందుల్లో గాలం ముల్లు ఇరుక్కుని దారం తెగుతుంది. వాగు వచ్చి కలిసే లోతు తక్కువ చోటే మేలు.

ఎరకు 2 వంతులు తవుడు, 1 వంతు వేరుశనగ చెక్క పొడి, అతుక్కోవడానికి కాస్త మైదా. నీళ్లు చిలకరిస్తూ చపాతీ పిండికంటే గట్టిగా పిసకాలి. జారుగా ఉంటే నీటిని తాకగానే ఊడిపోతుంది, ఖాళీ ముల్లుతో గంటలు గడుస్తాయి. బంగారుతీగ చేప (కామన్ కార్ప్) అడుగున మేస్తుంది కాబట్టి ఎర నేలకు ఆనేలా, నీటిపై తేలే బెండును దారం మీద పైకి జరపండి. బెండు వణికితే లాగొద్దు. పక్కకు జరిగి మునిగాకే లాగండి. తెగిన దారం ఒడ్డున వదలొద్దు, పశువుల కాళ్లకు చుట్టుకుంటుంది.