వీసీ గారూ, ఆ ఫైలు మీద సంతకం పెట్టే ముందు

వీసీ గారికి నమస్కారం.

మన యూనివర్సిటీలో చరిత్ర, భాషల సీట్లు తగ్గించేస్తున్నారట, ఉద్యోగాలు రావట్లేదని. అక్కడే చదువుకున్నవాణ్ణి, ఒక్క మాట చెప్పనివ్వండి.

1440లో ఇటలీలో లోరెంజో వల్లా అనే ఆయన ఒక పాత దస్తావేజు ముందేసుకుని కూర్చున్నాడు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పశ్చిమ రోమన్ సామ్రాజ్యాన్ని పోప్‌కి రాసిచ్చేశాడని అందులో ఉంది, వందల ఏళ్లుగా చెల్లుబాటవుతోంది కూడా. వల్లా ముఖ్యంగా చేసింది ఆ లాటిన్‌ని పదం పదం పట్టి చదవడం. ‘సాత్రప్’ అన్న మాట దగ్గర ఆగి, పర్షియా గవర్నర్లని పిలిచే ఈ మాట కాన్‌స్టాంటైన్ కాలపు రోమ్‌లో ఎక్కడిదయ్యా అని నిలదీశాడు. దొంగ పత్రం దొరికిపోయింది! (ఆయన్ని పోషిస్తున్న ఆరగాన్ రాజు ఆల్ఫోన్సోకి అప్పట్లో పోప్‌తో గొడవ ఉందనుకోండి, అది వేరే సంగతి.)

వ్యాకరణం, వక్తృత్వం, కవిత్వం, చరిత్ర, నీతిశాస్త్రం. వీటినే వల్లా కాలపు పండితులు ‘స్టూడియా హ్యుమానిటాటిస్’ అన్నారు, మన హ్యుమానిటీస్ పేరు అక్కణ్ణుంచే. వాట్సాప్‌లో దొంగ జీవోలు తిరిగే ఈ రోజుల్లో, ఈ భాష ఆ ఆఫీసుదేనా, ఈ తేదీ పొసుగుతుందా అని చూడ్డం నేర్పే క్లాసులనే మూసేస్తారా సార్? ముందు ఒకరోజు వచ్చి వెనక బెంచీలో కూర్చోండి.