ప్యారిస్ బస్సు డ్రైవరుది పొగరు కాదు, డ్యూటీ లెక్క

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ లేఖల పేజీలో గుంటూరు పాఠకులొకరు తమ యూరప్ బస్సు టూరు గురించి రాశారు. ప్యారిస్‌లో రాత్రి భోజనాలయ్యాక ఈఫిల్ టవర్ దీపాలు చూపించమంటే డ్రైవరు వినకుండా బస్సును నేరుగా హోటలుకు తోలుకుపోయాడట. ఎంత బతిమాలినా గడియారం చూపించి తల అడ్డంగా ఊపాడట. తెల్లవాళ్లకు మనమంటే అంత చులకన అని తేల్చారు. లక్షలు పోసి వెళ్లినవారి కడుపుమంట అర్థం చేసుకోగలను. కానీ ఆ చులకన అన్న మాట దగ్గర నాకు ప్రాణం ఊరుకోలేదు. నేను ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ డ్రైవరు ఎన్నింటికి బండెక్కాలి, ఎన్నింటికి దిగాలి అనే చార్టులు వేసి వేసి నా జుట్టు తెల్లబడింది. నిరుడు జూన్‌లో మా ఆవిడతో కలిసి అలాంటి గ్రూపు బస్సులోనే ప్యారిస్ నుంచి రోమ్ దాకా వెళ్లొచ్చాను. ఊళ్లు చూడమని తీసుకెళ్తే డ్యాష్‌బోర్డు చూసుకుంటూ కూర్చున్నానని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ డ్యాష్‌బోర్డులో ఒక పెట్టె ఉంటుంది. టాకోగ్రాఫ్ అంటారు. 2006 మే నుంచి అక్కడ కొత్తగా రోడ్డెక్కే పెద్ద బస్సులన్నిటికీ డిజిటల్‌ది తప్పనిసరి. డ్రైవరు పొద్దున్నే బండెక్కగానే ఏటీఎం కార్డంత కార్డు తీసి అందులో పెడతాడు. ఇక అప్పట్నుంచి బండి కదిలిన ప్రతి నిమిషం, ఆగిన ప్రతి నిమిషం అతని పేరు మీద నమోదవుతుంది. చిన్న తెర మీద బొమ్మలొస్తాయి: నడుపుతుంటే స్టీరింగు, వేరే పనిలో ఉంటే అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు, విశ్రాంతి అయితే మంచం. మా డ్రైవరు పోలండ్ మనిషి. ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను రోజూ ఆ పెట్టెకేసి చూడటం గమనించి, ఒకరోజు టీ తాగేచోట నన్ను పిలిచి మీట నొక్కాడు. మన కండక్టరు చేతిలోని టికెట్ల మిషను (టిమ్)లోంచి టికెట్టు వచ్చినట్టు సన్నటి కాగితం బరబరా బయటికొచ్చింది. ఆ రోజు అతనేం చేశాడో అంతా అందులో ఉంది. పోలీసులు దారిలో ఆపి అడిగితే 56 రోజుల లెక్క చూపించాలి. గీత దాటితే డ్రైవరుకూ కంపెనీకీ ఇద్దరికీ తంటాయే.

ఆ గీతలు ఏమిటంటే, యూరోపియన్ యూనియన్ 2006లో చేసిన 561వ నంబరు నిబంధన ప్రకారం డ్రైవరు రోజుకు 9 గంటలకు మించి బండి నడపకూడదు. వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా నడపవచ్చు. వారానికి 56 గంటలు, వరసగా రెండు వారాలు కలిపి 90. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాల్సిందే. ఆ 45ను రెండు ముక్కలు చేసుకోవచ్చు గానీ ఏ ముక్కా పావుగంటకు తగ్గకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది రోజువారీ విశ్రాంతి. పని మొదలెట్టిన క్షణం నుంచి 24 గంటల్లో 11 గంటలు అతను బండికి దూరంగా ఉండాలి. దాన్ని 9 గంటలకు తగ్గించుకునే వీలుంది, అదీ రెండు వారపు సెలవుల మధ్య మూడుసార్లే. టూరు బస్సులకు కొన్ని సడలింపులున్నాయి. వారపు సెలవును పన్నెండు రోజుల దాకా వాయిదా వేసుకోవడం అందులో ఒకటి. కానీ రాత్రి నిద్రను టూరు మొత్తంలో ఒకటి రెండుసార్లు, అదీ గంటకు మించకుండా తప్ప వాయిదా వేస్తే ఒప్పుకోరు.

ఇప్పుడు గుంటూరు వారి ప్యారిస్ రాత్రిని డ్యూటీ చార్టు మీద పెడదాం. ఈ గ్రూపు టూర్లలో ఆరు-ఏడు-ఎనిమిది అని ఒక మంత్రం ఉంటుంది. ఆరుకు నిద్ర లేపే ఫోను, ఏడుకు టిఫిను, ఎనిమిదికి బస్సు. బస్సు ఎనిమిదికి కదలాలంటే డ్రైవరు ఏడున్నరకే వచ్చి టైర్లు చూసుకోవాలి, పెట్టెలు ఎక్కించుకోవాలి. అతని గడియారం ఏడున్నరకు మొదలైపోయింది. 11 గంటల విశ్రాంతి లెక్కన రాత్రి ఎనిమిదిన్నరకు దిగిపోవాలి. తగ్గించుకున్న 9 గంటల లెక్కన పదిన్నరకు. ఆ గంట వాయిదా రోజూ దొరికేది కాదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. జూన్‌లో ప్యారిస్‌లో సూర్యుడు అస్తమించేదే పదికి కొంచెం అటూ ఇటూ. చీకటి చిక్కబడి టవర్ ధగధగలాడేసరికి పదిన్నర దాటుతుంది. హోటలేమో ఊరి చివర. చవగ్గా దొరుకుతుందని ఏ గ్రూపు టూరు వాళ్లయినా అక్కడే దింపుతారు. పదిన్నరకు అక్కడ ఆగిపోయి ఉండాల్సిన బస్సు పదిన్నరకు టవర్ కింద ఎలా ఉంటుంది? పొద్దున ఎనిమిదికి బయల్దేరతామనీ, రాత్రి దీపాలు చూపిస్తామనీ ఒకే రోజు కింద కరపత్రంలో అచ్చేసినవాడిని అడగాల్సిన మాట, ఆఖరికి స్టీరింగు పట్టుకున్నవాడి మీద పడింది.

మా గ్రూపుకు ఆ దీపాలు చూపించారు. ఎలాగంటే ఆ రోజు పొద్దున మమ్మల్ని మెట్రో ఎక్కించి లూవ్ర్ మ్యూజియం దగ్గర దింపి, బస్సును మధ్యాహ్నం గానీ తీయలేదు. మర్నాడు పదిన్నర దాకా కదలలేదు. దానికీ గొడవే! హోటలు వరండాలో భీమవరం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, "డబ్బులు కట్టింది మనం, పడుకునేది వాడూనా?" అని టూర్ మేనేజరు కుర్రాణ్ణి పట్టుకుని ఉతికేశారు. ఆ రోజు బాసెల్ మీదుగా లూసర్న్ చేరాలి, ఆరొందల కిలోమీటర్ల పైమాట. అక్కడి టూరు బస్సులకు గంటకు వంద దాటకుండా ఇంజన్‌కే కట్టడి ఉంటుంది. తొందరపెట్టినా పరుగెత్తదు. నేను ఆయన్ని పక్కకు తీసుకెళ్లి లెక్క చెప్పాను. "మీరు డిపార్టుమెంటు మనిషి కాబట్టి వాణ్ణి వెనకేసుకొస్తున్నారు" అన్నారు. నిజమే, వెనకేసుకొచ్చాను.

దారిలో రెండు రెండున్నర గంటలకోసారి హైవే పక్కన ఆపుతారు. మనవాళ్లు అది మన కాఫీ కోసమూ, యూరో నాణెం వేస్తే తెరుచుకునే మరుగుదొడ్ల కోసమూ అనుకుంటారు. మన కోసమూ నిజమే, కానీ ఆ నిమిషాలు డ్రైవరువి. ఒకచోట ఇలా ఆగినప్పుడు కూకట్‌పల్లి నుంచి వచ్చిన ఒకావిడ డిక్కీ తెరవమని డ్రైవరు వెంటపడ్డారు. పెద్ద పెట్టెలో పులిహోర పొడి ఉందట, కిందనుంచి మూడో పెట్టె. అతను రెండు చేతులూ పైకెత్తి మేనేజరు వంక చూశాడు. ఆ నిబంధనలో విరామమంటే బండి నడపకపోవడం ఒక్కటే కాదు, మరే పనీ చేయకపోవడం. పావుగంటైనా నిండకముందే పెట్టెలు లాగితే అది సుత్తుల ఖాతాలోకి వెళ్తుంది, మంచం చెరిగిపోతుంది, విరామం మళ్లీ మొదటినుంచి మొదలు. ఒక్క పొడి పొట్లం కోసం నలభై మంది ఇంకాసేపు పార్కింగులో నిలబడాలి. ఆవిడకు ఇది చెప్పినవాళ్లు లేరు. "మొహం చూడు, గంటు పెట్టుకున్నాడు" అనుకుంటూ ఎక్కేశారు. మా ఆవిడ తన సంచిలోంచి కందిపొడి తీసి ఇచ్చింది, గొడవ సద్దుమణిగింది.

ఆ సంచి సంగతి చెప్పాలి. ఆ బస్సులో పెట్టెల్లేకుండా వచ్చింది మేమిద్దరమే. కాలేజీ పిల్లలు తగిలించుకునే వీపు సంచి చెరొకటి. ఈ వయసులో ఇదేం వేషమని మా అబ్బాయి నవ్వాడు. మూడు జతల బట్టలు, రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోయే రకం. మందులు, కందిపొడి, చిన్న ఆవకాయ సీసా. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి తీసుకెళ్లకూడదు కాబట్టి నెయ్యి ఇంట్లోనే వదిలేశాం. నెయ్యి లేని కందిపొడి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. కానీ పొద్దున్నే హోటలు ముందు నలభై పెట్టెలకు వరసకట్టి నిలబడే బాధ లేదు. డ్రైవరు నడుం వంచి ఒక్కో ఇరవై కిలోల పెట్టెనూ బస్సు కడుపులోకి తోస్తుంటే, ఆ పావుగంటో ఇరవై నిమిషాలో అతని రోజులోంచే పోతున్నాయి, అంటే మనం చూడబోయే ఊళ్లోంచే. ఎక్కువ పెట్టెలు తెచ్చుకున్నవాళ్లే, టైం చాలలేదని ఎక్కువ గోల చేశారు.

ఇటలీలో అడుగుపెట్టాక వీపు సంచి విలువ ఇంకా తెలిసింది. బస్సు టూరన్న మాటేగానీ అక్కడ బస్సు ఊరి బయటే. వెనిస్‌లో ట్రొంకెటో అనే చోట దింపేస్తారు, అక్కణ్నుంచి పడవ. పీసాలో పార్కింగు ఒకచోట, వాలిన గోపురం ఒకచోట. ఫ్లోరెన్సులో, రోములో పాత ఊరి మధ్యకు టూరు బస్సులు ఇష్టం వచ్చినట్టు పోవడానికి లేదు, ముందే పర్మిట్ కొనుక్కుని చెప్పిన చోటే ఆపాలి. కాబట్టి గుడి గుమ్మంలో దింపలేదని డ్రైవరును తిట్టుకోవడం దండగ. మంచి నడక బూట్లు కొనుక్కోండి.

ఊళ్ల గురించి నేను ఎక్కువ రాయను, మీ ఆదివారం అనుబంధంలో ప్రతి నెలా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నాకు మాత్రం కళ్లకు కట్టినట్టు మిగిలింది గోథార్డ్ సొరంగం. స్విస్ నుంచి ఇటలీ వైపు దిగేటప్పుడు ఆల్ప్స్ కడుపులోంచి 17 కిలోమీటర్లు. 1980లో తెరిచారు. ఒకటే గొట్టం, పోయేవీ వచ్చేవీ అందులోనే, మధ్యలో గీత తప్ప గోడ లేదు. 2001 అక్టోబరులో అందులో రెండు లారీలు గుద్దుకుని మంటలు లేచి పదకొండు మంది పోయారు. ఇప్పుడు లోపల ముందు బండికి ఎడం వదిలి, ఒక్కడూ ఓవర్‌టేక్ అనకుండా, హారన్ మోత లేకుండా పోతుంటారు. మా డ్రైవరు ఆ సొరంగం ముందు ఒకచోట బస్సు ఆపి అరగంట దిగి తిరిగాడు. నాలుగున్నర గంటలు ఇంకా కాలేదే అని వేళ్లతో లెక్కపెట్టి అడిగాను. సొరంగం వైపు చూపించి, కళ్లు నులుముకుంటున్నట్టు సైగ చేశాడు.

మన దగ్గర ఇలాంటి చట్టం లేదనుకోకండి. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చేసుకున్నాం; 2025 నవంబరులో అది కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. రోజుకు 8 గంటలు, వారానికి 48, వరసగా 5 గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి అని అందులో రాసుకున్నాం. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను కూడా డ్రైవర్ల పనిగంటలకు దాన్నే చూడమంది. కాగితం మీద చూస్తే మన చట్టమే గట్టిది. లేనిది ఆ కార్డూ, ఆ పెట్టే. రాత్రి పదింటికి హైదరాబాద్‌లో బస్సెక్కే మనిషి, డ్రైవరు పగలంతా ఏం చేశాడని అడిగినా చెప్పే కాగితం ఉండదు. యూరప్ వెళ్లొచ్చి అక్కడి రోడ్లు అద్దంలా ఉన్నాయని మీకు ఉత్తరాలు రాసేవారు ఈ సంగతి కూడా ఒక ముక్క రాస్తే బాగుంటుంది.

మీ పత్రికలో వేసవి ముందు పూర్తి పేజీ టూరు ప్రకటనలు వస్తాయి. ఇన్ని రోజుల్లో ఇన్ని దేశాలని అంకెలు పెద్దవి. రోజూ బస్సు ఎన్నింటికి కదులుతుందో, ఎన్నింటికి హోటలు చేరుతుందో, హోటలు ఊరికి ఎంత దూరమో మాత్రం ఉండదు. ప్రకటనలో వేయించలేకపోతే పోనివ్వండి, మీ విహార శీర్షిక రాసేవారితోనైనా ఆ మూడూ రాయించండి. డబ్బు కట్టబోయేవారు కూడా టూరు ఆఫీసులో అడగవచ్చు: ఫలానా రాత్రి దీపాలు చూపిస్తామంటున్నారు, ఆ రోజు పొద్దున బస్సు ఎన్నింటికి తీస్తారు? సమాధానం ఎనిమిది అయితే ఆ దీపాలు కరపత్రంలో చూసుకోవాల్సిందే. రెండో డ్రైవరును పెడుతున్నామంటే మంచిదే, ఆ ఖర్చు ఎవరిదో కూడా తేల్చుకోండి.

గుంటూరు వారు మళ్లీ వెళ్లే ఉద్దేశంలో ఉంటే జూన్, జులై వద్దు. సెప్టెంబరు ఆఖరి వారం చూసుకోండి. అప్పుడు ప్యారిస్‌లో ఎనిమిదిలోపే పొద్దుగూకుతుంది. తొమ్మిదికల్లా దీపాలు చూసేసి, డ్రైవరు గడియారం చూపించకముందే బస్సెక్కవచ్చు. స్వెట్టరు ఒకటి సంచిలో పడేసుకోండి.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ ట్రాఫిక్ ఉద్యోగి,
తెనాలి