గంటలు మోగాయి, కబురు చేరలేదు

సంపాదకులకు నమస్కారం.

అగ్నిప్రమాదం జరిగినప్పుడు ఆ భవనంలో ఫైర్ అలారం ఉందా, లేదా అని మీ విలేకరులు తప్పకుండా అడుగుతారు. 19 ఏళ్లుగా ఆ అలారం ప్యానెళ్లు (డిటెక్టర్లను, గంటలను నడిపే పెట్టెలు) బిగించి ప్రోగ్రామ్ చేస్తున్న మనిషిగా నాదొక విన్నపం. అది మోగితే భవనం బయట ఎవరికి తెలుస్తుందో కూడా అడగండి.

గత నెల ఒక విద్యార్థుల వసతి గృహంలో తనిఖీకి వెళ్లాను. మూడో అంతస్తులో పొగను కనిపెట్టే డిటెక్టరుకు పరీక్ష పొగ కొట్టగానే గంటలన్నీ మోగాయి. వార్డెన్ గారు తృప్తిగా తల ఊపారు. అలారం సిగ్నళ్లు అందుకునే బయటి మానిటరింగ్ కేంద్రానికి ఫోన్ చేస్తే, "మాకేమీ రాలేదండీ" అన్నారు. ప్యానెల్‌లో చూస్తే ఆ భవనాన్ని గుర్తించే అకౌంట్ నంబరు ఉండాల్సిన చోట నాలుగు సున్నాలున్నాయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి వచ్చినట్టే. మరమ్మతుల్లో ఫోన్ లైను ఊడిపోతే ప్యానెల్ బజర్ కొట్టిందట. ఆ గోల భరించలేక ఎవరో రిపోర్టింగ్‌నే, అంటే కేంద్రానికి కబురు పంపడాన్నే, ఆపేశారు. పద్నాలుగు నెలలుగా అక్కడినుంచి ఒక్క సిగ్నల్ కూడా బయటికి వెళ్లలేదు.

ఈ రిపోర్టింగ్ అర్థం కానిదేమీ కాదు. ప్యానెల్ కేంద్రానికి ఫోన్ చేస్తుంది. అవతలి యంత్రం రెండు కూతలతో పలుకుతుంది. అప్పుడు ప్యానెల్ అంకెలు పంపుతుంది: ఏ భవనమో తెలిపే నాలుగంకెల అకౌంట్ నంబరు, ఏం జరిగిందో చెప్పే కోడు, భవనంలో ఏ భాగమో, అంటే ఏ జోనో, చెప్పే మూడంకెలు. ఎక్కువగా వాడే కాంటాక్ట్ ఐడీ పద్ధతిలో 110 అంటే మంట, 301 అంటే కరెంటు పోయింది, 302 అంటే బ్యాటరీ తగ్గింది. అందిందని అవతలి నుంచి మరో కూత వస్తేనే ప్యానెల్ ఫోన్ పెట్టేస్తుంది, లేకపోతే మళ్లీ చేస్తుంది. అకౌంట్ నంబరులో ఒక్క అంకె తప్పితే కేంద్రంలో ఇంకొకరి చిరునామా కనబడవచ్చు.

కరెంటు పోయిన కబురును ఒకటి నుంచి మూడు గంటలు ఆపి పంపమని అమెరికా ఫైర్ అలారం ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 చెబుతుంది. ఊరంతా కరెంటు పోయి వందల ప్యానెళ్లు ఒకేసారి ఫోన్ చేస్తే, నిజమైన మంట కబురుకు దారి దొరకదు. ఆ ఆలస్యాన్ని మంట కబురుకు కూడా పెట్టేసిన ప్యానెల్ ఒకటి నా చేతికి వచ్చింది. అది చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇంకో సంగతి. ఖర్చు తగ్గుతుందని పాత ఫోన్ లైను తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టిస్తున్నారు. మనుషుల మాటలకు తగ్గట్టు శబ్దాన్ని కుదించే ఆ లైన్లలో ప్యానెల్ కూతలు చెడిపోవచ్చు. ప్యానెల్ బ్యాటరీలు 24 గంటలు నిలిచేలా లెక్కకట్టి పెడతాం. గోడకున్న ఇంటర్నెట్ పెట్టెకు బ్యాటరీ లేకపోతే కరెంటు పోయిన క్షణంలోనే అది ఆరిపోతుంది. ఇక ప్యానెల్ ఎవరికి చెబుతుంది?

ప్యానెల్ కనీసం రోజుకోసారి 602 కోడుతో తన క్షేమం తెలిపేలా పెట్టాలి. అది రాకపోతే వెంటనే ఫోన్ చేయాలని కేంద్రంలోనూ నమోదు చేయించాలి. రెండోది చాలామంది మరిచిపోతారు. అప్పుడు సిగ్నల్ రాకపోవడమే క్షేమంలా కనిపిస్తుంది.

భవన యజమానులు చివరి బిల్లు చెల్లించే ముందు, అందిన సిగ్నళ్ల జాబితాను కేంద్రం నుంచే తెప్పించుకోవాలి. మా సంతకం ఒక్కటే చాలదు. పరీక్షకు ముందు అకౌంటును కేంద్రంలో 'టెస్ట్'లో పెట్టించి, పని కాగానే తీయించాలి. తీయించకపోతే నిజమైన మంటనూ పరీక్షే అనుకుంటారు.

ఆ వసతి గృహంలో లైను కలిపి, నంబరు సరిచేసి మళ్లీ పొగ కొట్టాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. "జోన్ 14, మూడో అంతస్తు, సామాన్ల గది" అని చదివారు అవతలి అమ్మాయి. వార్డెన్ గారి ముఖం మారిపోయింది. ఆ గదిలో ఏడాదిగా ఎనిమిది మంది పిల్లలు పడుకుంటున్నారు. కేంద్రం జాబితాలో ఆ గది పేరు అక్కడికక్కడే మార్పించి, మిగిలిన 61 డిటెక్టర్లకూ ఒక్కొక్కటిగా పొగ కొడుతూ కేంద్రంతో పేర్లు చదివించుకున్నాం. ముగిసేసరికి రాత్రి పదకొండయింది.

ఇట్లు,
ఒక ఫైర్ అలారం టెక్నీషియన్