ఎదురు గది టీచరు బడి మానేస్తోంది

ప్రియమైన సుజాతకు,

నీ ఉత్తరం అందింది. మిగతా కబుర్లు తరువాత రాస్తాను. ముందు నువ్వు అడిగినదానికి జవాబు చెబుతాను. అవును, మా ఎదురు గదిలో ఐదో తరగతికి పాఠాలు చెప్పే నా స్నేహితురాలు ఈ వేసవితో బడి మానేస్తోంది. విసిగిపోయి మానేస్తోందా అని అడిగావు. విసుగు లేదని అనలేను కానీ, ఇద్దరు పిల్లలను ఒంటిచేత్తో పెంచుకుంటున్న నల్లజాతి తల్లి ఈ దేశంలో విసుగు పుట్టిందని ఉద్యోగం మానేసే వీలుండదు. రెండేళ్లుగా ఆమె వేసిన లెక్కలు పక్కన కూర్చుని చూసినదాన్ని కనుక కొంచెం వివరంగా రాస్తాను.

అమెరికా ప్రభుత్వ బడుల్లో నల్లజాతి పిల్లలు సుమారు 15 శాతం ఉంటే, నల్లజాతి ఉపాధ్యాయులు 6 శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటారు. మా బడిలో ఆ తేడా ఇంకా ఎక్కువ. దాని ఫలితం ఏమిటంటే, ఏ తరగతిలో నల్లపిల్లవాడు అల్లరి చేసినా, ఏడ్చినా, మొండికేసినా, వాడిని ఈమె గదికి పంపించేస్తారు. వాడి తల్లికి ఫోను చేసి మాట్లాడేది కూడా ఈమే. 2016లో విద్యాశాఖ మంత్రిగా ఉన్న జాన్ కింగ్ దీన్ని కంటికి కనబడని పన్ను అన్నాడు. ఆ పన్ను కడుతున్నందుకు జీతం పెరగదు సరికదా, సొంత తరగతి పాఠం వెనుకబడితే సంజాయిషీ కూడా తనే ఇచ్చుకోవాలి. సాయంత్రం ఇల్లు చేరేసరికి తన పిల్లల హోంవర్కు చూసే ఓపిక మిగలడం లేదని, పరాయి పిల్లలకు ఇచ్చిన ఓర్పు సొంత పిల్లలకు ఇవ్వలేకపోతున్నానని ఆమె చాలాసార్లు బాధపడింది.

మానేస్తున్నానని చెప్పగానే స్టాఫ్‌రూములో అందరి నోటా ఒకటే మాట: “మరి మన పిల్లల గతేమిటి?” ఆ ప్రశ్నలో అబద్ధం లేదు. ప్రాథమిక బడిలో కనీసం ఒక్క నల్లజాతి ఉపాధ్యాయుడి దగ్గర చదివిన పేద నల్లజాతి మగపిల్లలు తరువాత చదువు మధ్యలో ఆపేసే అవకాశం 39 శాతం తగ్గిందని, నార్త్ కరోలినా పిల్లల వివరాలతో చేసిన పరిశోధన ఒకటి 2017లో తేల్చింది. కానీ ఆ భారమంతా జీతం చాలని ఒక తల్లి నెత్తిన పెట్టి, ఆమె దించుకోబోతే నేరమన్నట్టు చూడడం నాకు నచ్చలేదు. పోనీ, ఈ బడులు ఆ ఉపాధ్యాయులను ఎప్పుడైనా నిలుపుకున్నాయా? తెల్లవారికీ నల్లవారికీ వేరువేరు బడులు చెల్లవని 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారి బడులను మూసి పిల్లలను తెల్లవారి బడుల్లో చేర్చారు కానీ, వాళ్ల ఉపాధ్యాయులను చేర్చుకోలేదు. 1965 నాటికే సుమారు 38,000 మంది నల్లజాతి ఉపాధ్యాయులూ ప్రధానోపాధ్యాయులూ ఉద్యోగాలు పోగొట్టుకున్నారని లెక్క. నా స్నేహితురాలి అమ్మమ్మ కూడా అలబామాలో ఆ తరువాత కొన్నేళ్లకు అలాగే ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. “మా అమ్మమ్మను వాళ్లు పంపించారు, నేను నా అంతట నేను వెళుతున్నాను, ఆ మాత్రం తేడా ఉందిగా” అని నవ్వేసింది మహాతల్లి.

ఇక లెక్కల సంగతి. ఇక్కడ నల్లజాతి పట్టభద్రుల మీద విద్యారుణం మిగిలినవారి కంటే బాగా ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే తల్లిదండ్రుల ఇల్లో, పొలమో, పొదుపో వెనుక ఉండడం అరుదు. ఈమె డిగ్రీకీ, తరువాత మాస్టర్స్‌కీ కూడా అప్పు చేసింది. 2007లో వచ్చిన ఒక చట్టం ప్రకారం, ప్రభుత్వ ఉద్యోగంలో గానీ లాభాపేక్ష లేని సంస్థలో గానీ పనిచేస్తూ 120 నెలవాయిదాలు సక్రమంగా కడితే మిగిలిన అప్పు మాఫీ అవుతుంది. మాస్టర్స్ చదివిన కాలంలో వాయిదాలు ఆగిపోవడం వల్ల ఈమెకు ఇంకా రెండేళ్ల పైచిలుకు మిగిలి ఉంది. ఈలోగా ప్రైవేటు కంపెనీలో చేరితే ఆ నెలలు లెక్కలోకి రావు. పాఠ్యాంశాల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ ఒకటి జీతం బాగా ఎక్కువ ఇస్తానన్నా ఆమె వద్దనుకున్నది అందుకే. ఆ చట్టం చూసేది నీ పని ఏమిటని కాదు, నీ యజమాని ఎవరని. ఈ చిన్న సంగతి పట్టుకుని వెతికి వెతికి, లాభాపేక్ష లేని ఆసుపత్రిలో సిబ్బందికి శిక్షణ ఇచ్చే విభాగంలో ఉద్యోగం సంపాదించింది. కొత్తగా చేరిన నర్సులకూ సహాయకులకూ పాఠాలు తయారుచేయడం, చెప్పడం పని.

పింఛను మరో ముడి. మేముండే జార్జియా రాష్ట్రంలో ఉపాధ్యాయ పింఛనుకు హక్కు రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి, అంతకంటే ముందు వెళ్లిపోతే మనం దాచుకున్నది వడ్డీతో చేతికొస్తుంది, అంతే. ఈమెకు పదకొండేళ్లు నిండాయి కనుక, అత్యధికంగా జీతం అందుకున్న రెండేళ్ల సగటు మీద సర్వీసు ఏడాదికి 2 శాతం చొప్పున 22 శాతం పింఛనుగా అరవయ్యో ఏట మొదలవుతుంది. మధ్యలో డబ్బు తీసేసుకుంటే ఆ హక్కు పోతుంది, కాబట్టి ఎంత ఇబ్బందైనా దాన్ని ముట్టుకోవద్దని నేను పోరుపెట్టాను. విద్యాసంవత్సరం మధ్యలో ఒప్పందం తెంచుకుని వెళ్లిపోతే ఉపాధ్యాయ సర్టిఫికెట్ మీద చర్య తీసుకునే వీలుంది, అందుకే శీతాకాలంలోనే నిర్ణయం అయిపోయినా మే నెల దాకా పళ్లబిగువున లాక్కొచ్చింది.

ఉద్యోగం వెతకడం కూడా తేలిక కాలేదు. ఇరవై ఆరుగురు పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను, పరీక్షలను, వందల ఫారాలను ఏడాది పొడవునా నడిపించిన మనిషి కాగితం చూసి, “మీకు ఆఫీసు అనుభవం లేదే” అన్నవాళ్లున్నారు. దానికి తోడు పేరు. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో బోస్టన్, షికాగో నగరాల్లో ఒకేరకం రెజ్యూమేలను పేర్లు మాత్రం మార్చి పంపితే, తెల్లవారివిగా తోచే పేర్లకు యాభై శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. ఈమె పేరు చూడగానే నల్లజాతి పేరని తెలిసిపోతుంది. పొడి అక్షరాలు వేసి పంపమని ఎవరో సలహా ఇచ్చారు. వద్దంది, పూర్తి పేరే వేసింది. ఆలస్యమైనా నాకు అదే బాగుందనిపించింది.

ఈ రోజుల్లోనే ఆమె నాకు సెప్టిమా క్లార్క్ గురించి చెప్పింది. ఆవిడ 1898లో సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో పుట్టారు. ఆ ఊరి ప్రభుత్వ బడుల్లో అప్పట్లో నల్లజాతి టీచర్లను పెట్టుకోరు కనుక, 1916లో జాన్స్ ఐలాండ్ అనే దీవిలో పాఠాలు మొదలుపెట్టారు. చిన్న వయసులోనే భర్త పోతే, కొడుకును అత్తమామల దగ్గర ఉంచి ఉద్యోగం చేయవలసి వచ్చింది. నల్లవారి హక్కుల కోసం పోరాడే ఎన్.ఏ.ఏ.సి.పి.లో ప్రభుత్వోద్యోగులు ఉండకూడదని 1956లో ఆ రాష్ట్రం చట్టం చేసినప్పుడు, సభ్యత్వం వదలనన్నందుకు సుమారు నలభై ఏళ్ల ఉద్యోగమూ పింఛనూ రెండూ పోయాయి. అప్పటికి ఆవిడ వయసు యాభై ఎనిమిది. ఆ వయసులో టెనెసీలోని హైలాండర్ ఫోక్ స్కూల్‌లో చేరి, పెద్దలకు చదువు చెప్పే పని ఎత్తుకున్నారు. 1957 జనవరిలో మళ్లీ అదే జాన్స్ ఐలాండ్‌లో, ఒక దుకాణం వెనుక గదిలో మొదటి తరగతి నడిచింది. ఓటరుగా నమోదు కావాలంటే చదవడం వచ్చని నిరూపించాలి కనుక సంతకం పెట్టడం, రాష్ట్ర రాజ్యాంగం చదవడం, మనియార్డరు ఫారం నింపడం అక్కడ నేర్పారు. నాకు అన్నిటికంటే నచ్చింది టీచరు ఎంపిక. బెర్నిస్ రాబిన్సన్ అనే బ్యూటీషియన్‌ను పెట్టారు. ఆమెకు పంతులమ్మ దర్పం లేదు. పైగా ఆమె సంపాదన నల్లజాతి స్త్రీల మీద ఆధారపడినది కనుక తెల్లవారెవరూ ఆమెను ఉద్యోగంలోంచి తీసేయలేరు! క్లార్క్ గారు 1975లో చార్ల్స్‌టన్ స్కూలు బోర్డుకు ఎన్నికయ్యారు, ఆ మరుసటి ఏడాది పింఛనూ తిరిగి మంజూరైంది. అంత కాలం ఆగవలసి రావడాన్ని విజయగాథగా చెప్పుకుంటే నాకు కోపం వస్తుంది. అద్దె కట్టాల్సింది ఆ ఇరవై ఏళ్లలో కదా.

పిల్లల విషయంలో మాత్రం బడి ఉద్యోగానికి సాటి లేదు. తల్లికీ పిల్లలకూ సెలవులు ఒకేసారి వచ్చేవి. ఇకమీదట వేసవి శిబిరాలకు డబ్బు కట్టాలి, లేదా అలబామా నుంచి వాళ్ల అమ్మ రావాలి. జూలై అంతా తాను ఉంటానని పెద్దావిడ మాట ఇచ్చింది.

నీ సంగతికి వస్తే, ఆ ప్రైవేటు కాలేజీ మానేయాలని ఉందని రాశావు. నీకు అక్కడ ఐదేళ్లు నిండడానికి ఎంతో కాలం లేదని గుర్తు. సాధారణంగా ఐదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ వస్తుంది, అది ప్రైవేటు అధ్యాపకులకూ వర్తిస్తుంది. రాజీనామా ఇచ్చే ముందు నియామకపత్రం తీసి చేరిన తేదీ చూడు, పీఎఫ్ ఖాతాలో వాళ్ల వాటా సరిగా పడిందో లేదో కూడా చూసి నాకు రాయి. అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
లలిత