తీసుకునేవాళ్ళ మొహాలు పేపర్లో వేయొద్దు

సంపాదకులు గారికి నమస్కారమండి,

డిసెంబర్ దగ్గర పడుతోంది కాబట్టి ముందే రాస్తున్నా, అయిపోయాక రాసి లాభం లేదు. ఇంకొన్నాళ్ళలో మీ జిల్లా పేజీలో మొదలవుతాయి, ఫలానా చర్చిలో వృద్ధులకు దుప్పట్ల పంపిణీ, ఫలానా సంఘం ఆధ్వర్యంలో వితంతువులకు చీరలు అని, పక్కనే ఫోటో. ఒక్క దుప్పటికి అరడజను మంది పెద్దమనుషులు తలా ఒక అంచు పట్టుకుని కెమెరా వైపు చూస్తుంటారు, మధ్యలో ఒక ముసలామె ఎటు చూడాలో తెలీక నేల చూపులు చూస్తూ నిలబడి ఉంటది. ఫోటోగ్రాఫర్ "అమ్మా ఇటు, ఇటు చూడమ్మా, కొంచెం నవ్వు" అంటాడు, సరిగ్గా రాకపోతే ఇచ్చిన దుప్పటి వెనక్కి తీసుకుని ఇంకోసారి ఇస్తారు. ఇది నేను కళ్ళారా చూసిందే. ఏ చర్చో చెప్పను, చెప్పక్కర్లేదు కూడా, మన ఊళ్ళో ఎవరి సంఘంలో వాళ్ళు చూసే ఉంటారు.

నేను అడిగేది ఒక్కటేనండి. ఇచ్చేవాళ్ళ ఫోటో వేసుకోండి, ఇచ్చిన వస్తువుల ఫోటో వేసుకోండి, తీసుకునేవాళ్ళ మొహం మాత్రం పేపర్లో వేయొద్దు. చర్చి వాళ్ళే పంపినా సరే వేయొద్దు.

మాది గుణదల వైపు ఒక క్యాథలిక్ విచారణ, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి సంఘం. నేను మరియదళంలో (మరియమాత పేరు మీద ప్రార్థన, సేవ చేసే బృందం) ఉన్నా, పేదలకి సాయం చేసే సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీలో కూడా ఉన్నా, ఎస్వీపీ అంటే మావాళ్ళందరికీ తెలుసు. బయటవాళ్ళు చర్చి సేవ అనగానే క్రిస్మస్ దుప్పట్లే అనుకుంటారు గానీ అసలు పని ఏడాది పొడుగునా ఇళ్ళకి తిరగడం. ఇద్దరం కలిసి వెళ్తాం, ఒక్కళ్ళం వెళ్ళం, అది పద్ధతి. వెళ్ళి చేసేది చూస్తే పెద్దగా ఏమీ ఉండదు, కూర్చుంటాం, టీ ఇస్తే తాగుతాం (వద్దంటే చిన్నబుచ్చుకుంటారు, నాతో వచ్చే ఆవిడకి షుగర్, అయినా తాగేస్తది), బీపీ మాత్రల అట్ట తీసి చూస్తాం, ఎన్ని మిగిలాయో చూస్తే వేసుకుంటున్నారో లేదో తెలిసిపోతది. ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు పెన్షన్ ఇంటికే తెచ్చిస్తారు కదా, ఇప్పుడు నాలుగు వేలు, ఆ వేలిముద్ర పడక అవస్థ పడే ముసలోళ్ళు ఉంటారు, జీవితమంతా నాలుగిళ్ళల్లో అంట్లు తోమి బట్టలుతికి వేళ్ళ మీద గీతలే అరిగిపోయి ఉంటాయి, మిషన్ ఏమో తీసుకోదు, వచ్చిన పిల్లకి ఇంకా చాలా ఇళ్ళు తిరగాలి, ఆ కంగారులో ఈవిడ చెయ్యి ఇంకా వణుకుతది. అప్పుడు పక్కన కూర్చుని ఆ చెయ్యి కడిగి తుడిచి ఇంకో వేలు పెట్టించే మనిషి కావాలి. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ కోసం పొద్దున్నే లైన్లో నిలబడే మనిషి కావాలి, ఆరోగ్యశ్రీ కౌంటర్లో మాట్లాడే మనిషి కావాలి (పేరు మారిందంట గానీ మేమంతా ఆరోగ్యశ్రీ అనే అంటాం). ఇందులో ఫోటో తీయడానికి ఏముంది చెప్పండి, అందుకే ఇది పేపర్లోకి రాదు, రాకపోయినా మాకేం బాధ లేదు.

ఈ సొసైటీ 1833లో ప్యారిస్‌లో పుట్టింది. పెట్టింది ఫ్రెడరిక్ ఓజానామ్ అని ఇరవై ఏళ్ళ లా స్టూడెంట్, అతని స్నేహితులూ. పేదవాళ్ళ ఇళ్ళకి ఎట్లా వెళ్ళాలో, వెళ్ళినప్పుడు ఎట్లా మెలగాలో ఆ కుర్రాళ్ళకి రోజలీ అనే ఒక సిస్టర్ గారు నేర్పారు. అప్పట్నించీ వస్తున్న పద్ధతుల్లో నాకు బాగా నచ్చేది సంచి. మీటింగ్ చివర్లో ఒక గుడ్డ సంచి తిప్పుతాం, మా దగ్గరున్నది నల్లది, మూతి దగ్గర తాడు లాగితే బిగుసుకుంటది, సీక్రెట్ బ్యాగ్ అంటాం. ప్రతివాళ్ళూ గుప్పిట మూసుకుని చెయ్యి లోపల పెట్టి తీస్తారు. అయిదొందలు వేశారో, పది రూపాయలు వేశారో, ఏమీ లేక ఉత్త చెయ్యే పెట్టారో పక్కవాళ్ళకి తెలీదు, చేతిలో ఏమీ లేనివాళ్ళు కూడా చెయ్యి పెడతారు. నెలాఖరులో నాకు తెలిసి సగం చేతులు ఉత్తవే అయ్యుంటాయి, అది వేరే సంగతి. ఇచ్చే మా పరువుని ఇంత జాగ్రత్తగా గుడ్డలో చుట్టి దాచుకుంటున్నాం, తీసుకునే మనిషిని మాత్రం స్టేజీ మీదకి పిలిచి మైకులో పేరు చదివి, వితంతువు అని కూడా చదివి, కెమెరా ముందు నిలబెడతాం. ఇదెక్కడి న్యాయమండి.

మా పుట్టిల్లు గుంటూరు, అక్కడ మావాళ్ళు లూథరన్లు, 1842లో మిషనరీ హయ్యర్ దొర గారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘమే, నేను పెళ్ళయ్యాక ఇటు వచ్చా. అక్కడా ఇదే వరస ఉండేది, పిడికెడు బియ్యం అని. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేసేది, ఆదివారం స్త్రీల సమాజం వాళ్ళు అందరి బియ్యం ఒకే గోతంలో పోసేసేవాళ్ళు, అందులో సన్నబియ్యం ఉండేవి రేషన్ బియ్యం ఉండేవి నూకలు ఉండేవి, వండితే కొన్ని మెతుకులు జావ, కొన్ని పలుకు. ఆ గోతం ఎవరింటికి పోతుందో పాస్టరమ్మ గారికీ ఇంకో ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలిసేది కాదు. తిన్నవాళ్ళ ఇంట్లో కూడా రోజూ ఆ డబ్బా ఉండేది, వాళ్ళూ పిడికెడు తీసి వేసేవాళ్ళు. ఇప్పుడు ఆ గోతం పక్కన ఎవర్నో నిలబెట్టి ఫోటో తీసి ఉంటే అని ఊహించుకుంటేనే ఒళ్ళు జలదరిస్తది.

ఇంక వరదల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరం రాయాలన్న బాధ అక్కడే మొదలైంది. 2024 సెప్టెంబర్ ఒకటి ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం అంతా మునిగింది, అటు కృష్ణ చూస్తే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. చర్చికి ఆదివారం పూజకి వచ్చినవాళ్ళు పూజ నుంచే హాల్లో వంటలోకి దిగారు. అన్నం కూర పంపితే పాచిపోతది కాబట్టి పులిహోర, చింతపండు పులుసు ఒక గుండిగలో ఉడుకుతానే ఉండేది, ప్యాకెట్లు కట్టేవాళ్ళ వేళ్ళు పసుపుతో రోజుల తరబడి అట్లానే ఉన్నాయి. మతం కులం ఏమీ లేవు ఆ హాల్లో, పక్క వీధి నుంచి బొట్టు పెట్టుకున్న ఆంటీలు వచ్చి తాళింపులు వేశారు, మసీదు వాళ్ళ ఆటోలో మా ప్యాకెట్లు వెళ్ళాయి. పైన హెలికాప్టర్లు, డ్రోన్లు, కింద పడవలు, గండ్లు పూడ్చడానికి ఆర్మీ వాళ్ళు, అవన్నీ మీరు రాశారు, బాగా రాశారు కూడా.

మీరు రాయనిది ఒకటుంది. మా పాటల బృందంలో పాడే ఆవిడ ఇల్లు అటువైపే. ప్రతి క్రిస్మస్‌కీ చీరలు కొనడానికి చందా వేసే మనిషి, నాలుగిళ్ళకి పెట్టే చెయ్యి. ఆరోజు నడుం లోతు నీళ్ళలో నిలబడి పాల ప్యాకెట్ కోసం పడవ వైపు చెయ్యి చాపింది, నైటీ మీద తువ్వాలు వేసుకుని ఉంది పాపం, ఎవరో ఫోటో తీశారు. అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి వియ్యాలవారి ఫోన్‌కి చేరింది, కూతురికి పెళ్ళై అప్పటికింకా ఏడాది కాలేదు. వియ్యపురాలు ఫోన్ చేసి అయ్యో వదినా అని ఓదార్చిందంట, ఆ ఓదార్పుకే ఈవిడకి ప్రాణం పోయినంత పనైంది. నీళ్ళు తీశాక హాల్లో స్టవ్‌లు, గిన్నెలు, పరుపులు ఇచ్చాం. ఆవిడ రాలేదు. ఇంట్లో ఫ్రిజ్ పోయింది, మంచం పోయింది, గోడల మీద బురద గీత భుజం దాకా ఉంది, అయినా రాలేదు, మాకేం అవసరం లేదు లేనివాళ్ళకి ఇవ్వండి అని కబురు పంపింది. చివరికి మేమిద్దరం చీకటి పడ్డాక వెళ్ళి ఇచ్చొచ్చాం. లైన్లో అట్లా రానివాళ్ళు ఇంకెంతమందో ఎవరు లెక్కపెట్టారు?

మా యూత్ పిల్లలు దీనికి ఒప్పుకోరు. "ఆంటీ, ఫోటో లేకపోతే ఎవరిస్తారు, అమెరికాలో ఉన్న అన్నయ్య లక్ష పంపితే ఏం చేశామో చూపించొద్దా" అంటారు. వాళ్ళ మాట కొట్టిపారేయను, వరదల్లో ఆ పిల్లలు పెట్టిన ఫోటోలు చూసే పడవలు వచ్చాయి, మంచినీళ్ళ టిన్నులు వచ్చాయి. కానీ ఆ ఫోటోల్లో ఏమున్నాయో ఒకసారి చూసుకోమన్నా. ఖాళీ అయిన గుండిగలు, ఆటో నిండా ప్యాకెట్లు, మునిగిన వీధి. అవి చాలు కదా లక్ష తెప్పించడానికి. డబ్బులు పంపినవాళ్ళకి లెక్క కావాలంటే బిల్లులు చర్చి నోటీసు బోర్డుకి అంటించండి, దుప్పట్లు ఎన్ని కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎన్ని ఇచ్చారు, ఎన్ని మిగిలాయి. నిజం చెప్పాలంటే ఫోటో ఉన్నచోట ఈ బిల్లులు కనపడవు, బిల్లులు అడిగితే ఫోటో చూపిస్తారు.

ఇంకోటి, ఎంతసేపూ ఆ ఇస్త్రీ చొక్కాలే ఫోటోలో ఉంటాయి. పొద్దున నాలుగింటికి లేచి గుండిగలు తోమినవాళ్ళు, ఉల్లిపాయలు కోసినవాళ్ళు, అందరూ వెళ్ళాక హాలు ఊడ్చినవాళ్ళు అందరూ ఆడవాళ్ళే, ఏ ఫోటోలోనూ ఒక్కరు కనపడరు. వాళ్ళది వేస్తే నాకేం అభ్యంతరం లేదు, కాకపోతే ముందు చీర మార్చుకుంటామంటారు, కాస్త టైమివ్వండి.

మా ఫాదర్ గారిని అడిగా ఈ విషయం. ఆయన నవ్వి, విభూది బుధవారం (మా ఉపవాస కాలం మొదలయ్యే రోజు) నాడు ఏటా చదివే సువార్త ఏంటమ్మా అన్నారు. మత్తయి 6వ అధ్యాయం, దానం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దు, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియొద్దు అని. సరే మరి బయట గేటుకి కట్టిన ఫ్లెక్సీ సంగతేంటి ఫాదర్ అన్నా. దాతలండి, ఏం చేస్తాం అన్నారు. ఆయన ఇబ్బంది ఆయనది, గుడి కప్పు కారుతోంది, దాతలతోనే పని.

ఫిబ్రవరి 9, 10, 11 గుణదల తిరునాళ్ళకి కూడా ఇదే మాట. జనం ఫోటోలు వేయండి, కొండెక్కే మెట్లు, గుహ, కొవ్వొత్తులు, అదంతా అందరిదీ. 1924లో ఆర్లాటి ఫాదర్ గారు మాత విగ్రహం పెట్టినప్పట్నించీ అన్ని మతాలవాళ్ళూ వస్తున్నారు, తలనీలాలు ఇస్తున్నారు, కొబ్బరికాయలు కొడుతున్నారు. 11 లూర్దు మాత పండగే కాదు, 1992లో పోపు గారు ఆరోజుని రోగుల కోసం ప్రత్యేకించారు కాబట్టి మంచాన పడ్డవాళ్ళని, బుద్ధి ఎదగని పిల్లల్ని కూడా మోసుకొస్తారు. ఆ తల్లి గుహ ముందు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే దగ్గరికొచ్చి కెమెరా పెడుతున్నారండి. మా వాలంటీర్లు తప్పిపోయిన పిల్లల్ని చూసుకోవాలా, మంచినీళ్ళు పోయాలా, కెమెరాలకి అడ్డం నిలబడాలా.

చివరగా చాలామందికి తట్టనిది ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపుగా హిందువులకే, తర్వాత 1956లో సిక్కులందర్నీ, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు, మన దగ్గర ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళని వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ అంటారు. దుప్పటికి వచ్చే ముసలమ్మల్లో మా విచారణ వాళ్ళే కాదు, బొట్టు పెట్టుకునేవాళ్ళు, ఇంట్లో అమ్మవారి పటం ఉన్నవాళ్ళు కూడా ఉంటారు, చలేస్తోంది వస్తారు. వెనక సిలువ బొమ్మ బ్యానర్, ముందు ఆవిడ మొహం, అది పేపర్లో పడితే రేపు మనవడి ఎస్సీ సర్టిఫికెట్ దగ్గర ఎవరో ఒకరు ఆ కటింగ్ చూపిస్తారేమో అని భయం. ఆ భయంతోనే రావడం మానేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు తప్పేం చేయలేదు, దుప్పటి తీసుకున్నారంతే.

అందుకని మీ విలేకరులకి ఒక మాట చెప్పండి. చర్చిల వాళ్ళు పంపే ఫోటోల్లో తీసుకునేవాళ్ళ మొహం ఉంటే తిప్పి పంపండి, రెండుసార్లు తిప్పి పంపితే మూడోసారి వాళ్ళే తీయడం మానేస్తారు. మేం చెప్తే వినరు, పేపర్లో పడదంటే వింటారు.

నా పేరు, విచారణ పేరు వేయొద్దు, ఆ పాటలావిడ ఎవరో ఇట్టే తెలిసిపోతది. ఈ ముక్కలు రాసే ముందు ఆవిడని అడిగే రాశా. ఉత్తరం పెద్దదైందని నాకూ తెలుసు, కుదించాలంటే వరద సంగతీ, మా పుట్టింటి సంగతీ తగ్గించుకోండి గానీ ఆ సర్టిఫికెట్ల ముక్క మాత్రం తీసేయొద్దు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుణదల, విజయవాడ