మాంచెస్టర్ టౌన్‌హాల్‌ను గెలిపించింది గోపురం కాదు, ప్లాను

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండు టౌన్‌హాళ్ల మీద వచ్చిన వ్యాసంలో మాంచెస్టర్ టౌన్‌హాల్‌కు నిండు పేజీ ఇచ్చినందుకు సంతోషం. ఫొటోలు బాగున్నాయి. పేచీ అంతా రాతతోనే. చర్చిని చూసి మునిసిపాలిటీ వాత పెట్టుకుందన్నట్టుగా వ్యాసకర్త తేల్చేశారు. అది అచ్చంగా రాతి కట్టడమని, లోపలి బొమ్మలు ఫ్రెస్కోలని, విక్టోరియా రాణి స్వయంగా వచ్చి ప్రారంభించిందని రాశారు. మూడూ తప్పే. వాటికంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది. పేజీ నిండా గోపురాలే ఉన్నాయి తప్ప నేల ప్లాను ఒక్కటీ లేదు. ఆ భవనాన్ని పోటీలో గెలిపించింది ఆ ప్లానే.

మాంచెస్టర్‌కు 1838లో మునిసిపల్ బరో హోదా (సొంత పాలకమండలి ఉన్న పట్టణ హోదా), 1853లో నగర హోదా వచ్చాయి. అప్పటి టౌన్‌హాల్ కింగ్ స్ట్రీట్‌లో ఉండేది. ఫ్రాన్సిస్ గుడ్విన్ 1820లలో గ్రీకు పద్ధతిలో కట్టిన భవనం అది. పత్తి వ్యాపారంతో పాటు ఊరు పెరిగింది, ఊరితో పాటు గుమాస్తాలూ కాగితాలూ పెరిగాయి, పాత భవనం చాలలేదు. తర్వాత దాన్ని పడగొట్టినా ముందరి స్తంభాల వరసను మాత్రం ఊడదీసి హీటన్ పార్కులో నిలబెట్టారు. ఇప్పటికీ అక్కడ చూడొచ్చు.

కొత్త భవనానికి పెట్టిన డిజైన్ల పోటీకి మొదటి దశలోనే 137 ఎంట్రీలు వచ్చాయి. గెలిచిన ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ డిజైన్‌కు అందం లెక్కలో దక్కింది నాలుగో స్థానం. వెలుతురు, గాలి, రాకపోకల సౌకర్యం, ఖర్చు చూసినప్పుడు అదే ముందుకొచ్చింది. 'చర్చి నకలు' అనేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందు చదవాలి. నకలు కావాలనుకుంటే ఇంకా అందమైన నకళ్లు బల్ల మీదే ఉన్నాయి. వాటర్‌హౌస్ కూడా కొత్తవాడేం కాదు. అదే ఊళ్లో అసైజ్ కోర్టుల (జడ్జీలు విడతల వారీగా వచ్చి పెద్ద కేసులు విచారించే కోర్టుల) భవనం కట్టి, చిక్కు ప్లాన్లు విప్పడంలో ఘనుడని అప్పటికే పేరు తెచ్చుకున్నాడు. ఆ కోర్టుల భవనం రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు పోయింది.

ఇక ప్లాను. స్థలం త్రికోణం, అదీ ఒక మొన తెగిపోయిన త్రికోణం. వెడల్పు వైపున ఆల్బర్ట్ స్క్వేర్, రెండు పక్కల ప్రిన్సెస్ స్ట్రీట్, లాయిడ్ స్ట్రీట్, తెగిన మొన దగ్గర కూపర్ స్ట్రీట్. ఇలాంటి జాగాలో మామూలుగా ఒక దీర్ఘచతురస్రం కట్టి, మిగిలిన మూలలను స్టోర్‌రూములకు వదిలేస్తారు. వాటర్‌హౌస్ ఆఫీసు గదులను వీధుల వెంబడి బయటి అంచున పేర్చాడు, వాటి వెనక లోపలి వైపున కారిడార్లు తిప్పాడు. నడి మధ్యలో 100 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పున గ్రేట్ హాల్ పెట్టాడు. హాలుకూ ఆఫీసుల వరసకూ మధ్య మిగిలిన ఖాళీలు వెలుతురు బావులయ్యాయి. దీంతో గుమాస్తా బల్ల మీదికి వీధి వెలుగు, కారిడార్‌లోకి ఆ బావుల వెలుగు వస్తాయి. హాలుకు వీధి రొద అంటదు. మేయర్ గదులూ విందు గదులూ ఆల్బర్ట్ స్క్వేర్ వైపు మొదటి అంతస్తులో ఉంటాయి. పన్ను కట్టడానికి వచ్చిన మనిషి దారీ, విందుకొచ్చిన అతిథి దారీ ఒకదానికొకటి అడ్డుపడవు. త్రికోణంలో కోణం వల్ల వచ్చే ఇబ్బంది మలుపుల దగ్గరే. అక్కడ గదులకు బదులు మెట్లు పెట్టాడు. గుండ్రటి మెట్లకు ఏ కోణమైనా ఒకటే కదా!

ఆ మెట్లను దగ్గరగా చూడాలి. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు గ్రానైట్లతో కట్టిన సర్పిలపు మెట్లవి. చూసేవాళ్లు రాయి రంగు చూసి వెళ్లిపోతారు. పని చేసేది మాత్రం నడిమి బోలు. వీధి వైపు కిటికీల కింద నగిషీ చెక్కిన రాతి సందులు ఉంటాయి, వాటిని అలంకారం అనుకుంటాం. బయటి గాలి ఆ సందుల్లోంచే లోపలికొచ్చి, వేడినీటి గొట్టాల చుట్టల వెనకగా పోయి, వెచ్చబడి గదిలోకి చేరుతుంది. అలా వెచ్చబడిన గాలినే మెట్ల గదుల్లోకీ, సర్పిలపు మెట్ల బోలుల్లోకీ పంపి కారిడార్లకు అందించారు. దీపాలకు గ్యాసు తెచ్చే గొట్టాలను అవే మెట్ల చేతికమ్మీల కింద దాచేశారు. మెట్టెక్కుతూ చెయ్యి వేసిన కమ్మీ కిందే గ్యాసు పైపు ఉందన్నమాట. గోతిక్ (మధ్యయుగపు చర్చిల శైలి) తొడుగు కింద ఇంత యంత్రాంగం ఉన్న భవనాన్ని అలంకారప్రాయం అనడం అన్యాయం.

రాయి సంగతికొస్తే, గోడల ఒళ్లు ఇటుక. దాదాపు 1.4 కోట్ల ఇటుకలు పట్టాయి. బయట కనిపించే రాయి ముఖతొడుగు మాత్రమే, బ్రాడ్‌ఫర్డ్‌లోని స్పింక్‌వెల్ క్వారీల గట్టి ఇసుకరాయి. ఆ ఎంపికకు కారణం మాంచెస్టర్ పొగ. బొగ్గు మండితే వచ్చే గంధకపు వాయువు వాన నీటిలో కలిసి ఆమ్లమవుతుంది. సున్నపురాయిని అది జిప్సంగా మార్చేస్తుంది, పై పొర పెచ్చులూడుతుంది. రేణువులను సిలికా పట్టి ఉంచే ఇసుకరాయిలో ఆ ఆమ్లానికి తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. మసి పట్టడం మాత్రం తప్పదు, పట్టింది కూడా. 1960ల చివర్లో కడిగేదాకా భవనం నల్లగానే ఉండేది. ఎలాగూ నల్లబడుతుందని తెలిసే వాటర్‌హౌస్ బయట రంగురాళ్ల జోలికి పోలేదు, రంగులన్నీ లోపల వాడుకున్నాడు. లోపలి గోడలకు గిబ్స్ అండ్ క్యానింగ్ కంపెనీ చేసిన రకరకాల రంగుల టెర్రకోట తొడిగాడు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. వెలుతురు తక్కువున్న చోట్ల తెల్ల గ్లేజు ఇటుక, నేల మీద పాలరాతి మొజాయిక్. గ్రేట్ హాల్ బయటి మొజాయిక్‌లో తేనెటీగలు కనిపిస్తాయి. 1842లో వచ్చిన నగర చిహ్నంలోంచి దిగిన తేనెటీగలవి. పైకప్పులూ అంతస్తులూ నిప్పుకు తట్టుకునేలా చేత ఇనుప దూలాలూ కాంక్రీటూ కలిపి కట్టారు. 13వ శతాబ్దపు గోతిక్ ముఖం వెనక ఇలాంటి అంతస్తులుంటాయని ఎవరూ ఊహించరు.

బొమ్మల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫ్రెస్కో అనే మాటను మన పత్రికల్లో ఏ గోడబొమ్మకైనా వాడేస్తున్నారు. ఫ్రెస్కో అంటే తడి సున్నపు పూత మీద నీటిలో కలిపిన రంగు వేయడం. సున్నం గాలిని పీల్చి గట్టిపడుతూ రంగును తనలో బిగిస్తుంది. గంధకపు పొగా చెమ్మా ఉన్న ఊళ్లో ఆ పై పొర జిప్సంగా మారి పొడి రాలుతుంది. 19వ శతాబ్దం మధ్యలో లండన్ పార్లమెంటు భవనంలో వేసిన ఫ్రెస్కోలు కొన్నేళ్లకే పాడవడం అందరూ చూశారు. అందుకే గ్రేట్ హాల్‌లో ఫోర్డ్ మాడాక్స్ బ్రౌన్ 1879 నుంచి 1893 వరకు వేసిన 12 చిత్రాల్లో ముందువాటికి గాంబియర్ ప్యారీ అనే ఆయన రూపొందించిన పద్ధతి ఎంచుకున్నారు. పూత పూర్తిగా ఆరిన గోడ మీద వేసే పని అది. ప్యారీ చెప్పిన పాళ్లు ఇవి: తెల్ల మైనం 4 ఔన్సులు, 2 ఔన్సుల టర్పెంటైన్‌లో కరిగించిన ఎలెమి జిగురు 2 ఔన్సులు, స్పైక్ లావెండర్ నూనె 8 ఔన్సులు, కోపల్ వార్నిష్ 20 ఔన్సులు. దీనికి ఒకటిన్నర రెట్లు టర్పెంటైన్ కలిపి పలచన చేసి ముందు గోడకు బాగా పట్టిస్తారు. కొన్నాళ్లు ఆరనిచ్చి, సీసపు తెలుపూ మెత్తటి సుద్దపొడీ సమపాళ్లలో అదే మిశ్రమంలో కలిపి పూత వేస్తారు. ఆ తర్వాతే బొమ్మ. గోడ వెనక నుంచి చెమ్మ వస్తుంటే మాత్రం ఏ మైనమూ కాపాడదు. పై పొర బొబ్బలెత్తుతుంది. చివరి చిత్రాలను బ్రౌన్ కాన్వాసు మీదే నూనె రంగులతో వేశాడు. 1639లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం చూస్తున్న ఖగోళ పరిశీలకుడు క్రాబ్‌ట్రీ, చెరువులో వాయువు పట్టుకుంటున్న రసాయనవేత్త జాన్ డాల్టన్, బ్రిడ్జ్‌వాటర్ కాలువ ప్రారంభం ఈ 12 చిత్రాల్లో ఉన్నాయి. ఓటు హక్కు సంస్కరణలు కోరుతూ ఊళ్లో చేరిన జనం మీద గుర్రపు దళం దూకిన 1819 నాటి పీటర్లూ ఊచకోత మొదట జాబితాలో ఉండి, తర్వాత జారిపోయింది. ఊరి చరిత్రను గోడకెక్కించినవాళ్లకు ఆ ఒక్క ఘట్టమే మింగుడుపడలేదని మా అనుమానం.

రాణి రాలేదు. 1858లో లీడ్స్ టౌన్‌హాల్‌కు వెళ్లిన విక్టోరియా మాంచెస్టర్‌కు రానంది. 1868 అక్టోబరు 26న శంకుస్థాపన జరిగిన భవనాన్ని 1877 సెప్టెంబరు 13న మేయర్ ఏబెల్ హేవుడ్ ప్రారంభించాడు. 280 అడుగుల గడియారపు గోపురంలో గంటలు కొట్టే 8 టన్నుల పైచిలుకు గంటను ఆయన పేరిట గ్రేట్ ఏబెల్ అంటారు. రాణి వచ్చి ఉంటే ఆ గంటకు ఏ పేరు పెట్టేవారో! గడియారం చేసింది గిల్లెట్ అండ్ బ్లాండ్. అది 1879 జనవరి 1న నడవడం మొదలుపెట్టింది. ముంగిట్లో ఉన్న ఆల్బర్ట్ (రాణి భర్త) స్మారకం మాత్రం టౌన్‌హాల్ కంటే ముందుదే. దాని రూపకర్త థామస్ వర్తింగ్‌టన్ కూడా ఈ పోటీలో ఉన్నవాడే. ఓడిన మనిషి పని గెలిచిన మనిషి గుమ్మం ఎదుటే నిలిచింది.

మరమ్మతుల ఖర్చును వ్యాసంలో దుబారా అన్నారు. భవనాన్ని 2018 జనవరిలో మూశారు. 30 కోట్ల పౌండ్ల పైచిలుకు అంచనా ఇప్పుడు 40 కోట్లు దాటింది. పెద్ద మొత్తమే, కాదనం. 1945లో తయారైన నగర ప్రణాళిక ఏకంగా దీన్ని పడగొట్టమంది. అది అమలయి ఉంటే ఈ ఖర్చూ ఉండేది కాదు, భవనమూ ఉండేది కాదు. ఆ తరం ఇంగ్లిషు కట్టడాలు ఎక్కడెక్కడ చెడతాయో తెలిసినవాళ్లకు ఈ అంకె ఆశ్చర్యం కలిగించదు. స్లేటు కప్పులో ముందు పోయేది స్లేటు కాదు, దాన్ని పట్టుకున్న మేకు. మేకు తుప్పుపట్టి విరిగితే మంచి స్లేటు కూడా జారిపోతుంది. పిట్టగోడ వెనక సీసపు రేకు కాలవల్లో ముక్క మరీ పొడవైతే ఎండకు సాగి, చలికి ముడుచుకుని, కొన్నేళ్లకు మడత దగ్గర చిట్లుతుంది. నీరు కిందికి దిగి దూలం మొదల్లో చేరుతుంది. గదిలో మరక కనిపించేసరికి అసలు నష్టం జరిగిపోయి ఉంటుంది. రాయిలోనో ఇటుకలోనో బిగించిన ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బు రాయిని లోపలి నుంచే పగలగొడుతుంది.

మనుషులు చేసే తప్పుల్లో మొదటిది సిమెంటు. ఇసుకరాళ్ల సందులను గట్టి సిమెంటుతో నింపితే గోడలోని చెమ్మకు సందు గుండా ఆరిపోయే దారి ఉండదు, రాయి గుండానే ఆరుతుంది. వెంట తెచ్చిన లవణాలు రాతి ముఖం వెనక గడ్డకట్టి పొర ఊడగొడతాయి, మంచు పడితే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. కనుక సందులో వేసే సున్నపు గచ్చు ఎప్పుడూ రాయికంటే మెత్తగా ఉండాలి. చెడితే గచ్చు చెడాలి, దాన్ని మళ్లీ వేసుకోవచ్చు. రెండోది చలిగాలి వస్తోందని కిటికీ కింది గాలి సందులు మూసేయడం. గాలి ఆడకపోతే చల్లటి గోడ మీద చెమ్మ చేరుతుంది, బూజు పడుతుంది, నెపం పైకప్పు మీదికి పోతుంది. ఇవన్నీ విప్పి చూస్తే తప్ప తెలియవు. విప్పకముందు వేసిన అంచనా విప్పాక నిలవదు.

సవరణ వేస్తే దయచేసి మొదటి అంతస్తు ప్లాను కూడా అచ్చు వేయండి. రెండు కాలమ్‌ల వెడల్పు చాలు. మధ్యలో హాలు, దాని పక్కల వెలుతురు బావులు, మూలల్లో గుండ్రటి మెట్లు కనబడాలి. చోటు చాలకపోతే గోపురం ఫొటో తీసేయండి.

ఇట్లు,
పాత కట్టడాల మరమ్మతు పని తెలిసిన ఇద్దరు పాఠకులు