ముంపు ఒక్కటే లెక్క కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తలపెట్టిన బటాంగ్ తోరు జలవిద్యుత్ ప్రాజెక్టుపై మీ వార్త చదివాను. 510 మెగావాట్ల ఆ కేంద్రం నదీ ప్రవాహం మీదే నడుస్తుందని, ముంపు తక్కువని, అందువల్ల అక్కడి చెట్ల మీద బతికే తోకలేని పెద్ద వానరాలైన తపనులి ఒరాంగుటాన్లకు పెద్ద ప్రమాదం లేదని రాశారు. తూర్పు కనుమల జలవిద్యుత్ కేంద్రాల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన నేను ఈ మాటను ఒప్పుకోలేను.

ముంపు తక్కువైనా, నీటిని మళ్లించే సొరంగం తవ్వాలంటే కొండ చుట్టూ రోడ్లు వేయాలి. తవ్విన రాళ్లూ మట్టీ ఎక్కడో పోయాలి. కరెంటు లైను కింద చెట్లు ఎదగనివ్వకూడదు. వానలు వెలిశాక మా లైను వెంట కూలీలు కత్తులతో దిగి, నడుమెత్తు మొక్కను కూడా నరికేసేవారు. అలా అడవి మధ్య పడిన ఖాళీ నా ఉద్యోగకాలంలో మళ్లీ పూడలేదు.

తపనులి ఒరాంగుటాన్‌కు ఆ ఖాళీయే అడ్డుగోడ. అది నేల మీదికి దిగడం చాలా అరుదు. పిల్లను ఒంటికి హత్తుకున్న తల్లి కొమ్మ అందితేనే ముందుకు కదులుతుంది. ఈ జాతి దాదాపు అంతా సుమత్రాలోని టోబా సరస్సుకు దక్షిణాన ఉన్న ఈ అడవిలోనే ఉంది. మనుషులు చేసిన గాయాలతో 2013లో చనిపోయిన ఒక మగ ఒరాంగుటాన్ పుర్రెను, దంతాలను పరిశీలించి, జన్యువులనూ పోల్చి చూశాకే 2017లో దీన్ని ప్రత్యేక జాతిగా ప్రకటించారు. అప్పటికే 800 కంటే తక్కువ మిగిలాయి. అవీ మూడు ముక్కలైన అడవిలో ఉన్నాయి. ఆ ముక్కలను మళ్లీ కలపగలిగిన చోటే ఈ ప్రాజెక్టును తలపెట్టారు.

తల్లి ఒక కాన్పు తర్వాత మరో కాన్పుకు ఎనిమిది తొమ్మిదేళ్లు ఆగే జాతి ఇది. ఏటా నూటికి ఒకటికి మించి పెద్దవి చనిపోతే చాలు, జాతి అంతరించే దారి పట్టినట్టేనని శాస్త్రవేత్తల అంచనా. 2025 నవంబరు తుపానుకు ఆ కొండచరియలు ఎలా విరిగిపడ్డాయో కూడా చూశాం. విద్యుత్తు ఇండోనేషియా ప్రజలకూ కావాలి, కాదనను. కానీ ఆ మెగావాట్లకు మరో చోటు వెతకవచ్చు, ఈ ప్రాణులకు మరో అడవిని వెతికి ఇవ్వలేం.

ఈసారి రాసేటప్పుడు ముంపు విస్తీర్ణంతో సరిపెట్టకండి. రోడ్లు, లైన్లు, మట్టి పోసే చోట్లు అడవిలో ఎక్కడెక్కడున్నాయో చూపే పటం కూడా ప్రచురించండి.

– ఒక విశ్రాంత ఇంజనీరు, రాజమహేంద్రవరం